బూరపాట మీద ఆమె మాట

ఆ క్యాసెట్ మీద రాసిన పేరు నాకు ఇప్పటికీ సరిగ్గా పలకడం రాదు. చూడ్డానికి ఇంగ్లీషు అక్షరాలే, చదవబోతే మాత్రం నోరు తిరగదు. అట్ట మీద ఒక బట్టతల మనిషి మెట్ల మీద కూర్చుని, సాక్సాఫోన్ ఒళ్లో పెట్టుకుని ఎటో చూస్తుంటాడు. తొంభైల్లో మస్కట్‌కు మారాక ఆ క్యాసెట్ కోసం అక్కడి రువి బజారులో దుకాణం వదలకుండా తిరిగాను. సాక్సాఫోన్ అనగానే ప్రతివాడూ పెద్ద హోటళ్ల లిఫ్టుల్లో వినిపించే మెత్తటి రకం ఒకటి తీసి చేతిలో పెట్టేవాడు. ఇది కాదయ్యా, ఇటలీవాడు వాయించింది, సోల్, బ్లూస్ అంటారు అని చెబితే ఒక దుకాణదారు పకపకా నవ్వాడు. "ఇటలీవాడికి బ్లూస్ ఏం తెలుసు భాయ్?" అన్నాడు హిందీలో. నాకు ఒళ్లు మండిపోయింది. నువ్వు విన్నావా? వినకుండానే తీర్పు చెప్పేస్తావా? అని నాలుగు దులిపి బయటికొచ్చాను. లోకంలో ఎవరికీ అక్కర్లేని క్యాసెట్ మీద నాకంత పౌరుషం ఎందుకో వాడికేం తెలుసు.

ఎనభైల చివర్లో నేను ఒమన్‌లోనే ఇబ్రా ఊరి దగ్గర రోడ్లు వేసే కంపెనీలో పికప్ డ్రైవర్ని. మాది కడప పక్క. నా డ్యూటీ అంతా ఒక ఇటలీ ఇంజినీరును తిప్పడమే. పొద్దున్నే క్యాంపులో ఎక్కగానే ఆయన ఆ క్యాసెట్ పెట్టేవాడు. వాదిలు, అదే ఎండిన వాగులు, దాటుకుంటూ, రాళ్లలో పడుతూ లేస్తూ సైట్‌కు చేరేసరికి ఒక వైపు అయిపోయేది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు రెండో వైపు. మొదట్లో నాకు ప్రాణం విసిగిపోయేది. పాటంటే పల్లవి ఉండాలి, చరణం ఉండాలి. ఇదేం ఖర్మ, ఎవరో కూర్చుని తీరిగ్గా ఏడుస్తుంటే మనం పెట్రోలు కాల్చుకుంటూ వినడమా? ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను, ఈయన దేనికి సార్ ఇంత బాధపడుతున్నాడు అని. ఆయన నవ్వి, వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. అమెరికాలో పత్తి చేలల్లో పనిచేసిన నల్లవాళ్ల పాటలట అవి. అవి విని తమ ఊరి దగ్గరి మనిషి తన పద్ధతిలో ఊదాడట. ఊరి మనిషి అని చెప్పడం లేదు గాని చాలా మంచి ఆల్బమ్ అనీ, ఇటలీలో కూడా ఎవరూ కొనలేదనీ అన్నాడు. "నోబడీ బై," అంటున్నప్పుడు ఆయన మొహం నిజంగానే చిన్నబోయింది.

కాంట్రాక్టు అయిపోయి వెళ్లిపోయే రోజు ఆ క్యాసెట్‌ను నా చేతిలో పెట్టి, "యూ లైక్," అన్నాడు. నాకు ఇష్టమని నేనెప్పుడు చెప్పాను? కానీ ఇచ్చినదాన్ని కాదనడం ఎందుకని జేబులో వేసుకున్నాను.

రూమ్‌లో మేము నలుగురం. ఇద్దరు బీహారీ వెల్డర్లు, వాళ్ల లోకం వాళ్లది. నా మంచానికి ఎదురు మంచంలో అన్న. సొంత అన్న కాదు, వయసులో పెద్ద కాబట్టి అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. నిజామాబాద్ వైపు మనిషి, షట్టరింగ్ కార్పెంటర్. మనిషి మంచివాడే గాని మాట పలకడు. బెల్లం కొట్టిన రాయి. అటువంటివాడితో ఒకే గదిలో ఉండడం నాలాంటి వాగుడుకాయకు ఎంత శిక్షో చెప్పలేను. నేను పది మాటలంటే ఆయన ఒక్కసారి "ఊఁ" అనేవాడు.

ఒక శుక్రవారం పొద్దున, సెలవు కదా అని, నేను ఊరికే ఆ క్యాసెట్ టూ ఇన్ వన్‌లో పెట్టాను. అన్న కిటికీ దగ్గర అద్దం ఆనించుకుని గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప అయింది, రెండో చెంప మీద సబ్బు నురగ ఉంది. చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

"ఎవల్ది తమ్మీ గిది?"

"మా ఇటలీ ఇంజినీరుదన్నా. పోతా పోతా ఇచ్చినాడు. ఆపేసేదా?"

"ఆపకు."

వచ్చి టేపు ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక వైపు అయిపోయేదాకా కదల్లేదు. నురగ చెంప మీదే ఎండిపోయి తెల్లగా పొట్టు లేచింది. అప్పుడు చెప్పాడు, ఊళ్లో తాను బ్యాండు పార్టీలో సాక్సాఫోన్ ఊదేవాణ్ణని. పెళ్లి ఊరేగింపుల్లో గ్యాస్‌లైట్ల మధ్య నడుస్తూ సినిమా పాటలు ఊదేవాడట. అది కూడా ఆయన సొంతం కాదు, బ్యాండు యజమానిది. ముహూర్తాలు లేని నెలల్లో పని ఉండదు, అందుకే వడ్రంగం నేర్చుకుని ఇటు వచ్చాడు. ఇదంతా ఒక్క గుక్కలో చెప్పాడు. నాకిదంతా కొత్త. రెండేళ్లుగా ఒకే గదిలో ఉంటున్నాం మరి.

ఆ రోజు నుంచి క్యాసెట్ ఆయనదైపోయింది. డ్యూటీ నుంచి రాగానే కాళ్లు కడుక్కుని దాని ముందు కూర్చునేవాడు. తొడ మీద వేళ్లు ఆడుతుండేవి. "గాడ గాలి గుంజిండు, ఇన్నవా?" అనేవాడు. మొదట నాకేమీ వినిపించేది కాదు. తర్వాత తర్వాత వినిపించింది. పాట ఎత్తుకునే ముందు ఆ ఇటలీ మనిషి ఊపిరి లోపలికి తీసుకునే చప్పుడు, పక్కనే కూర్చుని ఉన్నట్టు. రెండో వైపు ఆఖరి పాటలో డప్పూ లేదు, పాడేవాళ్లూ లేరు. వెనక సన్నగా హార్మోనియం లాంటిదేదో మోగుతుంటుంది, ముందు సాక్సాఫోన్ ఒక్కటే. ఆ పాట వచ్చినప్పుడు అన్న కళ్లు మూసుకునేవాడు. నాకూ ఎక్కడో పట్టుకుంది. మా అమ్మ పోయినప్పుడు నేను ఇక్కడే సైట్‌లో ఉన్నాను, ఏడవడానికి చోటు కూడా దొరకలేదు. ఆ పాట వింటుంటే అదంతా పైకొచ్చేది. ఇటలీవాడికి బ్లూస్ ఏం తెలుసు అంటాడా ఆ దుకాణంవాడు!

అప్పట్లో మాకు ఫోన్లెక్కడివి? క్యాంపులో అందరం క్యాసెట్ల మీదే మాట్లాడుకునేవాళ్లం. మనం ఒక వైపు మాట్లాడి, సెలవు మీద ఊరెళ్లేవాడి చేతికిస్తాం. ఇంట్లోవాళ్లు అది విని, దాని మీదే తిరిగి మాట్లాడి, వాడు వచ్చేటప్పుడు పంపుతారు. మళ్లీ మనం దాని మీదే మాట్లాడతాం. వెళ్లిన క్యాసెట్ తిరిగి రావాలి, వట్టిది రాకూడదు, అదీ పద్ధతి. కొత్త క్యాసెట్ లేకపోతే పాత పాటల క్యాసెట్టయినా సరే. కొన్న పాటల క్యాసెట్లకు నెత్తి మీద రెండు చిన్న గుంటలుంటాయి, అవి ఉంటే రికార్డు బటన్ దిగదు. ఎలక్ట్రీషియన్ల దగ్గర నల్ల టేపు ముక్క అడిగి ఆ గుంటలు మూసేస్తే చాలు, ఎంత గొప్ప పాట అయినా చెరిగిపోయి మన మాట ఎక్కుతుంది. క్యాంపులో నల్ల టేపు లేని క్యాసెట్టే ఉండేది కాదు.

అన్నకు పెళ్లయి అప్పటికి మూడేళ్లు. ఆయన భార్యను నేను చూడలేదు, గొంతు మాత్రం కొంచెం విన్నాను. ఒక పెళ్లిలో ఈయన ఊదుతుంటే చూసి ఇష్టపడిందట. ఆమెకు కావలసింది ఒక్కటే, మొగుడి మాట. సెలవు మీద వెళ్లి వచ్చిన ప్రతివాడితోనూ అదే చెప్పి పంపేది: ఈసారన్నా నిండ మాట్లాడమనండి అని. ఈయన మాట్లాడేదేమిటి? రికార్డు బటన్ నొక్కి, గొంతు సవరించుకుని, "బాగున్న. పైలం. అమ్మ మంచిగున్నదా. సరే మరి," అనేవాడు. అంతే. ఆ తర్వాత ఖాళీ టేపు తిరుగుతుండేది.

"ఏందన్నా ఇది? ఆయమ్మ ఇంతదూరం నుంచి ఎదురుచూస్తా ఉంటే నాలుగు ముక్కలా? మాట్లాడేకి ఏం నొప్పి నీకు?" అని నేను కేకలేసేవాణ్ణి.

"ఏం మాట్లాడాలె తమ్మీ? దినాం గదే పని, గదే తిండి. చెప్పస్తలేదు నాకు."

అటువంటి మనిషి ఒక సాయంత్రం ఆ ఇటలీ క్యాసెట్ చేతిలో పట్టుకుని నా మంచం దగ్గరికొచ్చాడు. వాళ్ల పక్క ఊరివాడు మర్నాడు పొద్దున్నే సెలవు మీద వెళుతున్నాడు.

"గిది ఆమెకు పంపుత," అన్నాడు.

నేను లేచి కూర్చున్నాను. పిచ్చా నీకు, ఉన్నది ఒక్కటే, ఇబ్రాలో కాపీ తీయించి పంపు, ఈసారి కాకపోతే వచ్చే నెల అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నకల్ల గాలి ఇనరాదు తమ్మీ, బుస్సు బుస్సే ఉంటది. ఆమెకు అసల్దే ఇనిపియ్యాలె. విని పంపుతది గదా, ఎటుపోతది."

గుంటల మీద నల్ల టేపు అంటించాడు. మొదటి వైపు చివర పాటలు అయిపోయాక కాస్త ఖాళీ ఉంటుంది. అక్కడ పెట్టి రికార్డు బటన్ నొక్కాడు. "నేనే. గిది మొత్తం ఇను. నాకు మాట్లాడరాదు గదా, గందుకే పంపుతున్న," అన్నాడు. ఆయన ఆమెకు చెప్పిన మాటల్లో అదే పొడుగు మాట. చెప్పాక చెవులు ఎర్రబడ్డాయి, కొత్త పెళ్లికొడుకు సిగ్గుపడినట్టు. నాకు ముచ్చటేసింది. ఆ నల్ల టేపు పీకేయాలని ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

రెండు నెలల తర్వాత పక్క ఊరివాడు తిరిగొచ్చి క్యాసెట్ ఇచ్చాడు. అన్న స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని మరీ దాన్ని పెట్టాడు. సాక్సాఫోన్ రావలసిన చోట ఆడగొంతు వచ్చింది.

"ఆఁ... నేనే మాట్లాడుతున్న. క్యాసెట్ ముట్టింది. అంత బూరపాటనే ఉన్నది, నీ మాట ఎతికి ఎతికి ఆఖర్ల గింత దొరికింది..."

అన్న ఠక్కున ఆపేశాడు. ముందుకు తిప్పాడు, మళ్లీ ఆమె గొంతే. ఇంకా ముందుకు, ఆమె గొంతే. క్యాసెట్ తిరగేశాడు. రెండో వైపు కూడా సగం దాటేదాకా ఆమే. చిట్టచివర, ఆ ఆఖరి పాట ఒక్కటి మిగిలింది. అది మొదలవగానే ఆయన భుజాలు జారిపోయాయి.

పద్ధతి ప్రకారమే చేసింది ఆ పిల్ల. మొగుడి దగ్గర కొత్త క్యాసెట్ లేక ఎవరిదో పాటల క్యాసెట్ పంపాడనుకుంది, నల్ల టేపు ఉంది, తిరుగు మాట పంపింది. క్యాంపువాళ్లలో ఎవరి ఇంట్లోనైనా అదే చేసేవాళ్లు. కానీ అన్న ముందు ఆ మాట ఎవరంటారు?

"ఇనలే తమ్మీ," అన్నాడు. "ఒక్కపారన్న ఇనలే. తుడిచి పారేసింది."

ఆ గొంతులో కోపం అంతకు ముందు నేనెప్పుడూ వినలేదు. మాటలు లేని మనిషికి అలక వస్తే దాన్ని తీర్చే దారి ఉండదని అప్పుడే తెలిసింది. అప్పటి నుంచి ఆయన ఆ ఆఖరి పాట ఒక్కటే వినేవాడు. ఆమె మాట్లాడినంత మేరా గిర్రున తిప్పేసి, సరిగ్గా పాట దగ్గర ఆపడం చేతికి అలవాటైపోయింది. తిరుగు మాట మాత్రం పంపలేదు. దాని మీద మాట్లాడితే మిగిలిన పాట పోతుందని ఒక సాకు. నేను ఇబ్రా వెళ్లి కొత్త క్యాసెట్ కొనుక్కొచ్చి ఆయన దిండు మీద పెట్టాను. దాని పైకాగితం కూడా చింపలేదు. ఒకడు సెలవు మీద వెళ్లాడు, ఇంకొకడు వెళ్లాడు. ఎవరి చేతికీ ఏమీ ఇవ్వలేదు.

వెళ్లి వచ్చినవాడు చెప్పాడు, "వదినె అడిగింది, నా క్యాసెట్ ముట్టిందా, ఏమన్న అన్నడా అని."

ఆ రోజు నాకు ఆగలేదు. "నువ్వు మనిషివేనా అన్నా? ఆయమ్మ నీ పాట వినలేదని ఇంత చేస్తాండావే, ఆయమ్మ మాట నువ్వు విన్నావా? ఏం మూగనోము పట్టినావు?" అని అరిచాను. వెల్డర్లు కూడా లేచి చూశారు.

"మాట్లాడ్త తియ్, వచ్చే నెల," అని చెప్పులేసుకుని బయటికి పోయాడు.

ఆ వచ్చే నెలలోనే టెలిగ్రామ్ వచ్చింది. మస్కట్ ఆఫీసుకు వచ్చి, అక్కణ్ణుంచి కూరగాయల బండిలో క్యాంపుకు చేరేసరికి చాలా ఆలస్యమైంది. క్యాంపు బాస్ నన్ను పిలిచి, మీ భాషవాడే కదా నువ్వే చెప్పు అన్నాడు. అన్న భార్య పోయింది. కామెర్లు. పసరు మందు పోయించారట, పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి చేయి దాటిపోయిందట. నేను పికప్ తీసుకుని సైట్‌కు వెళ్లాను. కల్వర్టు దగ్గర అన్న పలకలు బిగిస్తున్నాడు. ఎట్లా చెప్పానో నాకు గుర్తులేదు. నా నోటికి మాటలు కరువైన రోజు అదొక్కటే.

"ఎప్పుడు?" అన్నాడు.

చెప్పాను.

"అయితే అన్ని అయిపోయినయ్," అన్నాడు. సుత్తి తీసుకుని సగం దిగిన మేకును పూర్తిగా దిగ్గొట్టాడు. లీవు అడుగుదాం, పాస్‌పోర్టు తెప్పిద్దాం, ఇంట్లో అమ్మ ఉంది కదా అన్నాను. "ఏడికి పోత? ఇప్పుడు పోయి ఎవల్ని జూడాలె?" అన్నాడు.

తర్వాత చాలా రోజులు ఆ టూ ఇన్ వన్ ఎవరూ ముట్టుకోలేదు. ఒకరోజు బండి తోలుతుంటే నాకు తట్టింది. ఆమె ఇన్నేళ్లలో ఎన్ని క్యాసెట్లు పంపిందో, అన్నింటి మీదా ఈయన "బాగున్న, పైలం" అని మాట్లాడి వెనక్కి పంపేశాడు. ఆమె గొంతు ఒక్కటీ మిగల్లేదు. ఊళ్లో ఉన్నవన్నీ ఈయన గొంతువే. ఆమె గొంతున్నది ఈ ఒక్కదాని మీదే, అదీ ఈయన అలిగి జవాబివ్వకపోవడం వల్ల. బండి పక్కకు ఆపేసి చాలాసేపు కూర్చున్నాను. ఆయనకు చెప్పాలా వద్దా అని తేల్చుకోలేకపోయాను.

చెప్పవలసిన అవసరం రాలేదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, వెల్డర్లు బజారుకు పోయారు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. అన్న క్యాసెట్ పెట్టి మొదటి వైపును మొదలు దాకా వెనక్కి తిప్పాడు. ఆమె గొంతు మొదలైంది. ఈసారి ఆపలేదు.

ఆమెకు టేపుతో మాట్లాడడం అలవాటైనట్టు లేదు. ఎదురుగా మనిషి ఉన్నట్టే అడిగి, జవాబు కోసం ఆగేది. ఆ ఆగిన చోట కోళ్ల చప్పుడు, ఎక్కడో మోటారు ఇంజను. మళ్లీ తనే అందుకునేది.

"అన్నం తిన్నవా?" అంది.

"తిన్న," అన్నాడు అన్న.

నాతో అంటున్నాడేమోనని తల తిప్పి చూశాను. ఆయన టేపు వైపే చూస్తున్నాడు.

"ఏం కూర?"

"పప్పే."

"ఎండలు బాగ కొడ్తున్నయా ఆడ? నెత్తికి రుమాలు కట్టుకుంటున్నవా?"

"కట్టుకుంటున్న. నువ్వు రంది పడకు."

నేను దిండు మొహానికి అదుముకుని ఏడ్చాను. ఆ జవాబులు ఇంతకాలం ఎక్కడ దాచుకున్నావయ్యా అని ఆయన్ను పట్టుకుని కుదిపేయాలనిపించింది. ఆయన మొదటి వైపంతా అట్లా మాట్లాడాడు. ఇంటి పైకప్పు సంగతి, అత్తగారి మోకాళ్ల నొప్పి, ఆమె మేనకోడలి పెళ్లి, అన్నింటికీ పలికాడు. క్యాసెట్ తిప్పి పెట్టాడు. రెండో వైపు కొంత దూరం పోయాక ఆమె గొంతు తగ్గించింది.

"ఒక్క మాట చెప్పాలె నీకు. గీ బూరపాట నేను మస్తుసార్లు ఇన్న. నువ్వు ఊదినట్లనే ఊదిండు ఎవలో. ఏడుపొచ్చింది. తుడ్వ మనసొప్పలే గని, వట్టి క్యాసెట్ వస్తె నువ్వు పరేశానయితవని దీని మీదనే మాట్లాడుతున్న. ఆఖరి పాట ముట్టుకోలే, నీకోసం ఉంచిన. కోపం జేస్తవా?"

ఆమె ఆగింది. కోళ్లు అరుస్తున్నాయి. అన్న నోరు తెరిచాడు. రెండు చేతులతో టేపు పట్టుకున్నాడు. "లే..." అన్న మాట బయటికి వచ్చేసరికి ఆమె బర్రె ఈనిన సంగతిలోకి వెళ్లిపోయింది.

అన్న టేపు ఆపాడు. మొహం తుడుచుకుని, కొంచెం వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు.

"...నీకోసం ఉంచిన. కోపం జేస్తవా?"

"లేదు," అన్నాడు, ఈసారి ఆమె అడగ్గానే.